ఎంఆర్ఐలో ‘పార్షియల్ టియర్’ వస్తే ఆపరేషనేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 22 ఏళ్లు. కబడ్డీలో కూతకు వెళ్లి గభాలున వెనక్కి తిరగబోతే కుడి మోకాలు మెలిపడింది. లోపల ‘టప్’మన్నదట. రెండు గంటల్లో వాచిపోయింది. ఎక్స్‌రేలో ఎముకలు విరగలేదన్నారు. ఆరో రోజు తీసిన ఎంఆర్ఐలో ‘ఏసీఎల్ పార్షియల్ టియర్’ అని రాశారు. ఒక డాక్టరు ఆపరేషన్ అంటున్నారు, ఇంకొకరు అక్కర్లేదంటున్నారు. ఇంకో చోట స్కాన్ తీయించమంటారా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: స్కాన్ మళ్లీ ఇప్పుడే వద్దమ్మా. మళ్లీ జరగాల్సింది చేత్తో చేసే పరీక్ష. టప్‌మని శబ్దం, గంటల్లోనే వాపు, అదీ ఎవరూ తగలకుండా మెలిపడటం వల్ల. ఈ మూడూ కలిస్తే లోపల రక్తం చేరిందని, ఏసీఎల్ (మోకాలి లోపల రెండు ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) తెగి ఉండొచ్చని స్కాన్ కంటే ముందే అనుమానించాలి.

లిగమెంట్ పూర్తిగా తెగితే ఎంఆర్ఐ బాగా పట్టుకుంటుంది. తడబడేది ‘పార్షియల్’ (కొంత మేరే తెగడం) దగ్గరే. ఏసీఎల్ తొడ ఎముక నుంచి కింది కాలి ఎముకకు ఏటవాలుగా దిగే సన్నని పట్టీ. స్కాన్‌లో మోకాలిని 3, 4 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా చూస్తాం. ఏటవాలు పట్టీ ఒక్క ముక్కలో మొత్తం కనపడదు. పైగా మొదటి వారంలో రక్తం, నీరు పోగుల మధ్య చేరి, నల్లగా కనపడాల్సిన లిగమెంట్ తెల్లగా ఉబ్బి కనిపిస్తుంది. అందుకే పార్షియల్ అని రాసినది నిజానికి పూర్తిగా తెగినదై ఉండొచ్చు, కొన్నిసార్లు గట్టిగానే ఉండొచ్చు.

రిపోర్టు చివరి వాక్యం ఒక్కటే కాకుండా మొత్తం చదివించుకోండి. తొడ ఎముక బయటి గుబ్బలోనూ, కింది ఎముక బయటివైపు వెనక భాగంలోనూ ‘బోన్ కంట్యూజన్’ (ఎముక లోపల కమలడం) ఉందా? కింది ఎముక ముందుకు జారిందా? ఆ జారుడు 7 మిల్లీమీటర్లు దాటితే పూర్తిగా తెగిందనే అనుమానం బలపడుతుంది. ఎక్స్‌రే కూడా మళ్లీ చూపించండి. కింది ఎముక బయటి అంచున బియ్యపు గింజంత పెచ్చు ఊడినట్టుంటే ఏసీఎల్ తెగిందనడానికి అది గట్టి గుర్తు. మొదటిసారి కళ్లు దాటిపోయేది ఇదే.

చేతి పరీక్షను లాక్‌మన్ అంటారు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలిని 20–30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను బిగబట్టి, రెండో చేత్తో కింది కాలును ముందుకు లాగుతారు. లిగమెంట్ ఉంటే టక్కున ఆగుతుంది, లేకుంటే మెత్తగా జారి వస్తుంది. రెండో కాలితో పోల్చి చూడటం తప్పనిసరి. నొప్పి ఉన్న మొదటి రోజుల్లో తొడ వెనక కండరాలు బిగుసుకుని, తెగినది కూడా గట్టిగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. మీ డాక్టర్లిద్దరికీ తేడా వచ్చింది బహుశా ఇక్కడే.

కాబట్టి వాపు తగ్గే దాకా రెండు మూడు వారాలు ఆగండి. రోజుకు మూడు నాలుగుసార్లు గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు పెట్టండి. మోకాలు పూర్తిగా చాపడం, తొడ ముందు కండరాలు బిగించడం ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవాలి. తర్వాత పరీక్షలో మోకాలు గట్టిగా ఆగితే మూడు నెలలు వ్యాయామంతో చూడొచ్చు. జారుతూ ఉండి, అబ్బాయి మళ్లీ కబడ్డీ ఆడాలంటే కొత్త లిగమెంట్ వేసే ఆపరేషనే మేలు. ఆ తర్వాత ఆటకు కనీసం తొమ్మిది నెలలు. ఒక్క విషయంలో మాత్రం ఆగకూడదు. మోకాలు మడతలోనే ఇరుక్కుని చాపలేకపోతే మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే పొర) చిరిగి మధ్యలోకి మడతపడి ఉండొచ్చు. వెంటనే సర్జన్‌కు చూపించండి.

ప్రశ్న: నాకు 58. దెబ్బేమీ తగల్లేదు. మోకాలి నొప్పికి స్కాన్ తీస్తే ‘మెనిస్కస్ గ్రేడ్ 2’ అని వచ్చింది. చిరిగినట్టేనా?
– ఓ పాఠకుడు, ఏలూరు

జవాబు: కాదండీ. గ్రేడ్ 1, 2 లోపలి అరుగుదల మాత్రమే. స్కాన్‌లో కనిపించే తెల్లని గీత మెనిస్కస్ అంచును తాకితేనే గ్రేడ్ 3, అప్పుడే చిరుగు అంటాం.

ప్రశ్న: కాలిలో రాడ్డు ఉంది. మోకాలికి ఎంఆర్ఐ తీయొచ్చా?
– ఓ గృహిణి, అనంతపురం

జవాబు: టైటానియం రాడ్డయితే సాధారణంగా తీయొచ్చు. మోకాలి దగ్గరే ఉంటే బొమ్మ చెదురుతుంది. ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి. పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే ముందే చెప్పాలి. 20–30 నిమిషాలు కాలు కదపకూడదు. రంగు ఇంజెక్షన్ సాధారణంగా అక్కర్లేదు. గాజులకో, మంగళసూత్రానికో తగిలించుకున్న పిన్నీసులు గదిలోకి వెళ్లకముందే తీసేయండి. స్కాన్ మొదలవకపోయినా లోపల అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది.