నాన్న వివరాలు క్యాన్సర్ రిజిస్ట్రీకి ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష) 6.8 వచ్చిందని బయాప్సీ చేస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. క్యాన్సర్ తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 6. ముప్పు తక్కువ రకమని, ఇప్పుడే ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ అక్కర్లేదని, పరీక్షలు చేస్తూ గమనిద్దామని డాక్టర్ చెప్పారు. ఆయన వివరాలను జాతీయ ప్రోస్టేట్ క్యాన్సర్ రిజిస్ట్రీలో చేర్చడానికి సమ్మతి అడిగారు. మూత్రం గురించి, దాంపత్య జీవితం గురించి ప్రశ్నలున్న ఫారం కూడా ఇచ్చారు. నాన్న సిగ్గుపడి దాన్ని పక్కన పెట్టేశారు. ఆయన మీద ప్రయోగాలేమైనా చేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. రిజిస్ట్రీలో చేరినంత మాత్రాన మీ నాన్నగారికి కొత్త మందు ఇవ్వరు, అదనంగా సూది గుచ్చరు, చికిత్స మార్చరు. ఎలాగూ జరిగే వైద్యాన్ని రాసిపెట్టడమే రిజిస్ట్రీ పని. కొత్త మందునో కొత్త పద్ధతినో పరీక్షించి చూసేది క్లినికల్ ట్రయల్. అది వేరు, దానికి సమ్మతి పత్రం కూడా వేరే ఉంటుంది. మీ చేతిలో ఉన్న కాగితం ఏదో ఒకసారి చదివి చూసుకోండి.

ఇలాంటి రిజిస్ట్రీలో వ్యాధి బయటపడిన నాటి వయసు, పీఎస్‌ఏ, బయాప్సీ ఫలితం, క్యాన్సర్ ఎంతవరకు పాకింది, ఏ చికిత్స ఎప్పుడు జరిగింది, ఆ తర్వాత ఎలా ఉంది అన్నవి నమోదవుతాయి. ఎంతమందికి క్యాన్సర్ వచ్చిందో లెక్కించే మామూలు క్యాన్సర్ రిజిస్ట్రీకీ దీనికీ తేడా ఇదే. వైద్యం ఎలా జరిగింది, దానివల్ల మనిషి ఎలా ఉన్నాడు అన్నదాకా ఇది వెంట వస్తుంది.

దీనివల్ల ఏం ఒరుగుతుందని మీరు అడగవచ్చు. స్వీడన్‌లో జరిగింది చెబుతాను. అక్కడ 1998 నుంచి దేశమంతటికీ కలిపి ప్రోస్టేట్ క్యాన్సర్ రిజిస్ట్రీ ఉంది. ముప్పు తక్కువగా ఉన్నప్పుడు ఈ క్యాన్సర్ ఎముకలకు పాకడం చాలా అరుదు. అలాంటివారికి ఎముకల స్కాన్ లాంటి పరీక్షలు చేసినా ప్రయోజనం ఉండదు. అయినా 1998లో అలాంటి పేషెంట్లలో 45 శాతం మందికి చేశారు. 2000 ప్రాంతంలో రిజిస్ట్రీ వాళ్లు ఈ అంకెలను యూరాలజిస్టుల ముందు పెట్టడం మొదలుపెట్టారు. మార్గదర్శకాలు ఏం చెబుతున్నాయో, మీ దగ్గర ఏం జరుగుతోందో చూసుకోండి అన్నారు. 2009 నాటికి ఆ 45 శాతం 3 శాతానికి దిగింది. అయితే అదే రిజిస్ట్రీ ఇంకో విషయమూ బయటపెట్టింది. ముప్పు ఎక్కువగా ఉండి స్కాన్ నిజంగా అవసరమైన వారిలో కూడా అది 63 నుంచి 47 శాతానికి తగ్గింది. అంటే మేలుతో పాటు పొరపాటు కూడా జరిగింది. లెక్క రాయబట్టే రెండూ తెలిశాయి. ఏ డాక్టర్‌కైనా కళ్ల ముందున్న పేషెంట్లే కనిపిస్తారు. దేశం మొత్తం మీద ఏం జరుగుతోందో ఎంత అనుభవం ఉన్నా ఒక్కరికి తెలియదు.

మీ నాన్నగారికి చెప్పిన 'గమనిద్దాం' అన్న మాట వెనుక కూడా ఇలాంటి నమోదులు, ట్రయల్స్ ఉన్నాయి. దీన్ని యాక్టివ్ సర్వైలెన్స్ అంటారు. స్వీడన్‌లో ముప్పు తక్కువ ఉన్నవారిలో ఈ దారి ఎంచుకున్నవారు 2009లో 40 శాతం, 2014లో 74 శాతం. బ్రిటన్‌లో ప్రోటెక్ట్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రోస్టేట్‌కే పరిమితమైన క్యాన్సర్ ఉన్న 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, గమనింపు అని మూడు గుంపులు చేసి సుమారు 15 ఏళ్లు చూశారు. ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు మొత్తం మీద 2.7 శాతమే. మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే గమనింపు గుంపులో చాలామందికి కాలక్రమంలో చికిత్స అవసరమైంది. కాబట్టి పీఎస్‌ఏ, ఎంఆర్‌ఐ, మళ్లీ బయాప్సీ ఎప్పుడు చేయమంటే అప్పుడు తప్పకుండా చేయించండి.

ఇక నాన్నగారు పక్కన పెట్టిన ఫారం. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. చాలా దేశాల్లో ఎపిక్-26 అనే 26 ప్రశ్నల పత్రం వాడతారు. మూత్రం ఆపుకోలేకపోవడం, మూత్రానికి వెళ్లడంలో ఇబ్బంది, మలవిసర్జన, లైంగిక సామర్థ్యం, హార్మోన్ల వల్ల వచ్చే అలసట లాంటివి అడుగుతారు. ప్రోస్టేట్ చికిత్సతో ప్రాణం నిలిచినా, మనిషిని రోజూ బాధపెట్టేవి ఇవే. వీటిని పేషెంట్లు నోరు తెరిచి చెప్పరు. పక్కన కొడుకో కోడలో ఉంటే అసలే చెప్పరు. 'ఎలా ఉన్నారు' అంటే 'బాగానే ఉందండీ' అని లేచి వెళ్లిపోతారు. మూత్రం ఆగక ప్యాడ్ పెట్టుకుని వచ్చినవాళ్లు కూడా అదే మాట అంటారు. ఆ మాట విని సర్జన్ తన పేషెంట్లంతా బాగున్నారనే నమ్ముతాడు. కాగితం మీద నిజం రాసినప్పుడే ఏ ఆసుపత్రిలో ఎంతమంది ఇబ్బంది పడుతున్నారో తేలుతుంది. పేషెంట్ల వయసు, వ్యాధి తీవ్రత లెక్కలోకి తీసుకుని పోల్చినా ఒకచోట ఇబ్బందులు ఎక్కువగా కనిపిస్తే, అక్కడి డాక్టర్లు తమ పద్ధతిని వెతికి చూసుకోవాల్సిందే. డాక్టర్ నొచ్చుకుంటారని మంచిగా రాయకూడదు.

ఈ ఫారం చికిత్సకు ముందే నింపడం చాలా ముఖ్యం. 67 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో సంబంధం లేకుండానే కొన్ని ఇబ్బందులు ఉండవచ్చు. ఇవాళ్టి పరిస్థితి రాసి ఉంటే, రేపు ఎప్పుడైనా చికిత్స జరిగితే ఏది పాతది, ఏది చికిత్స వల్ల వచ్చింది అన్నది తెలుస్తుంది. ఇది మీ నాన్నగారికే నేరుగా పనికొచ్చే సంగతి.

సంతకం చేసేముందు నాలుగు విషయాలు అడగండి. పేరుతో ఉన్న వివరాలు ఎవరెవరు చూస్తారు? నివేదికల్లో పేర్లు తీసేస్తారా? బీమా కంపెనీలకు ఇస్తారా? తర్వాత వద్దనుకుంటే ఎలా బయటికి రావాలి? సూటిగా జవాబు చెప్పాలి. చెప్పకపోతే చెప్పేదాకా ఆగండి. ఒప్పుకోకపోయినా వైద్యంలో తేడా రాకూడదు, ఆ మాట కూడా అడిగి తెలుసుకోండి. జవాబులు తృప్తిగా ఉంటే ఒప్పుకోమనే నా సలహా. నిర్ణయం మాత్రం ఆయనదే.

ఆయన ఒప్పుకుంటే ఫారం, పెన్ను ఇచ్చి మీరు గదిలోంచి బయటికి రండి. నింపాక కవరు అంటించి ఇవ్వమనండి, మీరు విప్పి చూడకండి.