వీడియో వైరల్ అయ్యాక మొదటి మాట ఏం చెప్పాలి? (పాఠకుల ప్రశ్నలు)

ప్రశ్న: మాది చిన్న పచ్చళ్ల యూనిట్. మా సీసాలో పురుగు ఉందంటూ ఎవరైనా వీడియో పెడితే ముందు ఏం చేయాలి? ఊరుకుంటే రెండ్రోజుల్లో జనమే మర్చిపోతారని ఇంట్లోవాళ్లు అంటున్నారు.
(ఒక తయారీదారు, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: ఊరుకోవద్దు. 2015లో నెస్లే ఇండియా వాళ్ల మ్యాగీ నూడుల్స్ విషయం చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన శాంపిల్‌లో సీసం (విషపు లోహం) 17.2 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 17.2 భాగాలు ఉందని నివేదిక వచ్చింది. పరిమితి 2.5 మాత్రమే. వార్త దేశమంతా పాకుతుంటే నెస్లే ఇండియా మాత్రం తమ పరీక్షల్లో అంతా సవ్యంగానే ఉందని సాంకేతిక వివరణలు ఇస్తూ వచ్చింది. సరుకు వెనక్కి తీసుకుంటున్నామని జూన్ 5న ప్రకటిస్తే, దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిషేధ ఉత్తర్వు కూడా అదే రోజు వచ్చింది. దాంతో తమంతట తాము చేసిన పని కూడా తప్పక చేసినట్టే కనిపించింది. ఆగస్టు 13న బాంబే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసి, మూడు ల్యాబుల్లో మళ్లీ పరీక్షించమంది. వాటిలో ఒకటి హైదరాబాద్‌లోదే. సీసం పరిమితిలోపే ఉందని తేలాక నవంబరులో గానీ మ్యాగీ మళ్లీ అంగళ్లకు రాలేదు. చివరికి నివేదికలు అనుకూలంగా వచ్చినా, పోయిన నెలలు తిరిగి రాలేదు.

కాబట్టి ముందు పని, తర్వాతే మాట. సీసా మీది బ్యాచ్ నంబరు కనుక్కుని, ఆ బ్యాచ్ అమ్మకం వెంటనే ఆపించండి. ప్రతి బ్యాచ్ నుంచీ రెండు మూడు సీసాలు సీలు వేసి, గడువు తీరేదాకా దాచే అలవాటు ఇప్పుడే చేసుకోండి. అవి లేకపోతే ఆరోజు మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఆ శాంపిళ్లను ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపండి. ఆహార భద్రతాధికారి వచ్చి శాంపిల్ తీస్తే దాన్ని నాలుగు భాగాలు చేస్తారు. అందులో ఒకటి గుర్తింపు పొందిన ల్యాబుకు పంపమని అడిగే హక్కు మీకుంది, అక్కడికక్కడే అడగండి. నివేదిక మీకు వ్యతిరేకంగా వస్తే అప్పీలుకు గడువు 30 రోజులు.

మొదటి ప్రకటన ఇంత చాలు: “ఫలానా బ్యాచ్ ఆవకాయపై వచ్చిన వీడియో చూశాం. ఉదయం 11 గంటల నుంచి ఆ బ్యాచ్ అమ్మకం ఆపాం. శాంపిళ్లు ల్యాబుకు పంపాం. సీసా తిరిగిస్తే డబ్బు ఇచ్చేస్తాం. రేపు సాయంత్రం 5 గంటలకు మళ్లీ చెబుతాం.” కింద తేదీ, సమయం, ఒక ఫోన్ నంబరు ఉండాలి. తేదీ లేని ప్రకటన ఆర్నెల్ల తర్వాత కూడా కొత్త వార్తలా తిరుగుతుంది. ఐదు గంటలకు నివేదిక రాకపోయినా, రాలేదనే చెప్పండి. ఆ మాట తప్పితే తర్వాత నిజం చెప్పినా నమ్మరు. వీడియో పెట్టినవారికి లాయర్ నోటీసు పంపడం పెద్ద పొరపాటు: మరునాడు ఆ నోటీసే వార్త అవుతుంది.

ప్రశ్న: పుకారును ఖండిస్తే ఇంకా ఎక్కువమందికి తెలుస్తుంది కదా?
(ఒక పంచాయతీ ఉద్యోగి, నల్గొండ జిల్లా)

జవాబు: ఆ ప్రమాదం ఉన్నమాట నిజమే. అందుకే పుకారు ఎంతదూరం పాకిందో ముందు చూడాలి. నాలుగిళ్లలోనే ఉంటే ఆ నాలుగిళ్లకే వెళ్లి చెప్పండి. ఊరంతా పాకితే ఊరంతటికీ చెప్పాల్సిందే. అప్పుడు నిజంతో మొదలుపెట్టి, పుకారును మధ్యలో ఒక్కసారే ప్రస్తావించి, మళ్లీ నిజంతోనే ముగించండి. “పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారా?” అన్న శీర్షిక పెడితే, చదివినవాళ్లకు ఆ భయమే గుర్తుంటుంది.

2018లో పిల్లల దొంగల పుకార్లు వాట్సాప్‌లో తిరిగినప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో నాటి ఎస్పీ రెమా రాజేశ్వరి చేసింది మాకు తెలిసినంతలో మంచి నమూనా. ప్రెస్‌నోటుతో సరిపెట్టలేదు. ఊరికో పోలీసును కేటాయించారు, కళాకారులతో పాటలు, డప్పులతో ఊళ్లలోనే ప్రచారం చేయించారు. ఫోన్‌లో వచ్చిన భయానికి జవాబు, ముఖం తెలిసిన మనిషి నోట రావడమే అక్కడి బలం. దేశంలో వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా పరిమితి పెట్టిందీ ఆ ఏడాదే. మీ ఊళ్లో ఆ మాట చెప్పాల్సింది ఎవరు? ఆశా కార్యకర్తా, బడి పంతులా, రేషన్ డీలరా? పుకారు రాకముందే పేర్లు రాసిపెట్టుకోండి.

ప్రశ్న: క్షమాపణ చెబితే కోర్టులో నేరం ఒప్పుకున్నట్టు అవుతుందని లాయర్ అంటున్నారు. నిజమేనా?
(ఒక ఆసుపత్రి మేనేజరు, విజయవాడ)

జవాబు: లాయర్ జాగ్రత్తలో అర్థముంది. అయితే బాధపడటం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు. 1982లో షికాగో ప్రాంతంలో టైలెనాల్ అనే నొప్పి మాత్రల క్యాప్సూళ్లలో ఎవరో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. తప్పు కంపెనీది కాదు. అయినా తయారీ సంస్థ జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తీసుకుంది, ఉచిత ఫోన్ లైన్ పెట్టింది, తెరిస్తే తెలిసిపోయే మూడు పొరల సీలుతో మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. మీరూ “ఆ కుటుంబానికి జరిగిన నష్టానికి బాధపడుతున్నాం, విచారణకు పూర్తిగా సహకరిస్తాం, రికార్డుల నకళ్లు కుటుంబానికి ఇస్తాం” అనొచ్చు. కారణమేంటో విచారణ తేలేదాకా ఎవరూ చెప్పకూడదు, డ్యూటీ డాక్టరైనా సరే. రోగి వివరాలు మీడియాకు ఇవ్వొద్దు. అన్నిటికన్నా ముందు కుటుంబంతో మాట్లాడండి. వాళ్లకు ఈ సంగతి టీవీలో తెలిస్తే, తర్వాత మీరేం చెప్పినా వినరు.