ఏజెంటు లంచం ఇస్తే కంపెనీకీ శిక్ష పడుతుందా?

అనుమతుల పనంతా బయటి ఏజెంటుకు అప్పగించాం, ఆయన ఎవరికైనా లంచం ఇస్తే మాకేం సంబంధం అని అడిగారు. సంబంధం ఉంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక, లంచం ఇచ్చినవారికీ 7 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. వ్యాపార ప్రయోజనం కోసం మీ తరఫున పనిచేసేవారు ఎవరు లంచం ఇచ్చినా, 9వ సెక్షన్ కింద కంపెనీకి జరిమానా ఉంటుంది. డైరెక్టరు సమ్మతితో జరిగిందని రుజువైతే ఆయన జైలుకు వెళ్లాల్సిందే.

లంచాలను అడ్డుకునే తగిన ఏర్పాట్లు ముందే చేశామని నిరూపించుకుంటే కంపెనీ బయటపడవచ్చు. అయితే గోడకు తగిలించిన నీతి నియమాలు అందుకు సరిపోవు. ఓచర్ల ఫైలు తెరిచి చూడండి. ఏజెంటు బిల్లులో ప్రభుత్వ రుసుము 4,000, దాని కిందే రసీదు లేని “ఇతర ఖర్చులు” 15,000 అని ఉంటే, లంచం దాక్కునేది సాధారణంగా ఆ రెండో వరుసలోనే. రసీదు లేనిదే పైసా చెల్లించబోమని ఒప్పందంలో రాయించండి. రుసుములను కంపెనీ ఖాతా నుంచి నేరుగా కట్టండి. ఫైలు ఆలస్యమైనందుకు ఉద్యోగిని తిట్టకండి. ఆ ఒత్తిడే చాలామందిని లంచం వైపు నెడుతుంది.

ఎవరైనా బలవంతం చేసి తీసుకుంటే 7 రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో తెలియజేయండి, అప్పుడు ఇచ్చినవారికి శిక్ష ఉండదు. తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.