బయానా ఇచ్చిన పొలం: నేల పరీక్షకు 3 లక్షలు పెట్టాలా?

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో రెండెకరాల పొలం నేనూ, నా ఇద్దరు బావమరుదులూ కలిసి కొంటున్నాం. ఎకరం 80 లక్షలు. 10 లక్షలు బయానా ఇచ్చాం, మిగతాది మూడు నెలల్లో కట్టాలి. 200 గజాల చొప్పున 24 ఇళ్లు కట్టి అమ్మాలని ఉంది. కోటిన్నర అప్పు తెస్తాం. మట్టి పరీక్షలకు ఇంజినీరు 3 లక్షలు అడుగుతున్నారు. మేస్త్రీ మాత్రం చుట్టుపక్కల ఇళ్లు బాగానే ఉన్నాయి, అక్కర్లేదంటున్నాడు. ఆ డబ్బు వడ్డీకి దాచుకోవడం మేలు కదా?

జవాబు: ఆ 3 లక్షలు పెట్టండి. అదీ రిజిస్ట్రేషన్ అయ్యాక కాదు, ఈ మూడు నెలల్లోనే. ఇప్పుడు నేలలో లోపం బయటపడితే ధర తగ్గించమని అడగొచ్చు, లేదా మానుకోవచ్చు. సేల్ డీడ్ అయిన మర్నాడు అదే లోపం పూర్తిగా మీ నెత్తిన పడుతుంది.

లెక్క చూడండి. 3 లక్షలను 24 ఇళ్లకు పంచితే ఇంటికి 12,500. కోటిన్నర అప్పుకు ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే నెలకు లక్షన్నర. పునాదులు తవ్వాక నేల తేడాగా ఉందని డిజైన్ మార్చుకుంటూ రెండు నెలలు పని ఆపితే చాలు, మీరు మిగిలిందనుకున్న డబ్బు వడ్డీ కిందే పోతుంది.

మీ మేస్త్రీ మాటలో ఒక పొరపాటు ఉంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. బరువైన కట్టడం ఆ ఉబ్బును కొంత అణిచిపెడుతుంది. మీరు కట్టబోయే ఒకటి రెండంతస్తుల ఇళ్లకు ఆ బరువు ఉండదు, అందుకే దెబ్బ వీటికే ఎక్కువ. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు, వానాకాలంలో బిగుసుకుపోయే తలుపులు దీని గుర్తులు. పైగా పక్క పొలంలో ఎర్రమట్టి ఉందని మీ పొలంలోనూ అదే ఉంటుందనుకోవద్దు. ఒక్క గెట్టు దాటితే నేల మారిపోయే చోట్లు మన దగ్గర చాలా ఉన్నాయి.

ముందుగా జేసీబీతో ఆరు చోట్ల 3 మీటర్ల లోతు గుంతలు తీయించి, ఏ పొర ఎంత మందం ఉందో రాయించండి. నల్లమట్టి కనిపిస్తే, అది నీళ్లలో ఎంత శాతం ఉబ్బుతుందో చెప్పే ఫ్రీ స్వెల్ ఇండెక్స్ పరీక్ష చేయించండి. అది 50 శాతం దాటిందంటే మామూలు ఫుటింగ్ (స్తంభం కింద వేసే పునాది దిమ్మ) చాలకపోవచ్చు. నల్లమట్టి పలుచగా ఉంటే తీసేసి మొరం నింపి దిమ్మిస కొట్టొచ్చు. లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున వెడల్పయ్యే కాంక్రీటు పునాది స్తంభాలు వేయాలి: కనీసం 3.5 మీటర్ల లోతు, అడుగున కాడకు రెండున్నర రెట్ల వెడల్పు బల్బు. గోడలను మోసే ప్లింత్ బీమ్ కింద 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. కూలీలు ఆ ఖాళీని మట్టితో పూడ్చేస్తే ఉబ్బిన నేల బీమ్‌ను పైకి నెడుతుంది, పైల్స్‌కు పెట్టిన ఖర్చు వృథా. దీనికి ఇంటికి లక్షన్నర అదనమవుతుందనుకుంటే మొత్తం 36 లక్షలు, అంటే ఎకరానికి 18 లక్షలు. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకునే ధర గురించి మళ్లీ కూర్చోండి.

తర్వాత నాలుగు మూలలా, మధ్యలో ఒకటీ బోర్ హోల్స్ (లోతు మట్టి, రాయి నమూనాలు తీసే రంధ్రాలు) వేయించండి. రాయి తగలగానే ఆపేయనివ్వకండి. మన గ్రానైట్ నేలల్లో మొరం మధ్య గుండ్లు దాగి ఉంటాయి. మరో 3 మీటర్లు రాతిలోకి దిగితేగానీ అది గుండో, పరుపు బండో తేలదు. ఇంట్లో ఒక ఫుటింగ్ గుండు మీద, పక్కది మొరం మీద పడితే ఒకటి కుంగుతుంది, రెండోది కుంగదు. మధ్యలో గోడ చీలుతుంది. నీటి మట్టాన్ని కాలువ బందైన నెలల్లో కొలిచి నమ్మొద్దు. కాలువకు నీళ్లు వదిలినప్పుడు ఆయకట్టులో మట్టం ఎగబాకుతుంది. ఇప్పుడు కాలువ బందై ఉంటే, సాగు రోజుల్లో బావుల్లో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో పక్క రైతులను అడగండి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది పూడ్చిన వ్యవసాయ బావి. చెత్త, గోడల రాళ్లు, మట్టి కలిపి నింపిన బావి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. పైన దున్ని చదును చేస్తే కంటికి కనిపించదు. గ్రామ నక్షా, పాత పహాణీలు, గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు చూడండి. ఊళ్లో పెద్దవాళ్లను, ముఖ్యంగా ఆ పొలం కౌలుకు చేసినవాళ్లను అడగండి. ముందే తెలిస్తే నష్టం దాదాపు లేదు: లేఅవుట్‌లో ఎలాగూ వదలాల్సిన పార్కు స్థలాన్ని ఆ బావి మీదికి జరపొచ్చు.

అదే నక్షాలో కుంట, వాగు, కాలువ గీతలూ చూసుకోండి. భవన నిర్మాణ నిబంధనల మీద వచ్చిన 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆపై చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు కట్టకుండా వదలాలి. వాగుకూ కాలువకూ వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. రెండెకరాలు చదరంగా ఉంటే ఒక పక్క 90 మీటర్లు. ఒక వైపు 30 మీటర్లు వదిలితే మూడో వంతు పోయింది, దాదాపు 8 ఇళ్లు. ఎఫ్‌టీఎల్ అంటే వేసవిలో నీళ్లు ఉన్న చోటు కాదు, చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. నీటిపారుదల శాఖ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

బోరు నీళ్ల పరీక్ష చిన్న ఖర్చు. తాగడానికి ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, నల్లగొండలో కొనేవాళ్లు అడిగే మొదటి మాట అదే. కాంక్రీటు కలపడానికైతే క్లోరైడ్, సల్ఫేట్ కూడా చూడాలి. భూకంపాల సంగతికి వస్తే, 2020 జనవరిలో సూర్యాపేట జిల్లా చింతలపాలెం వైపు నేల కంపించింది. డిజైన్‌లో చెప్పిన ఇనుము, రింగులు తగ్గించకుండా వేస్తే చాలు.

ఇళ్లు అమ్మేశాక మన పని అయిపోయిందనుకోకండి. 8 యూనిట్లు దాటాయి కాబట్టి మీరు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదవ్వాలి. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే సొంత ఖర్చుతో బాగుచేయాల్సింది మీరే. బీమా ఉంది కదా అనుకోవద్దు. భారత్ గృహ రక్షా పాలసీ నేల కుంగడానికి వర్తిస్తుంది కానీ, కొత్త ఇంటి మామూలు పగుళ్లకు, పూడ్చి నింపిన నేల కుంగడానికి, డిజైన్ లోపానికి వర్తించదు. అంటే పైన చెప్పిన వాటిలో చాలా భాగం మీ ముగ్గురి జేబుల్లోంచే పోతుంది. అందుకే అప్పు తెచ్చే ముందు నిర్మాణ ఖర్చులో పదో వంతు విడిగా పెట్టుకోండి. నేల రిపోర్టు బాగుంటే దాన్ని ఐదు శాతానికి దించొచ్చు.

ఈ వారమే అమ్మేవారితో అనుబంధ ఒప్పందం రాయించుకోండి. పరీక్షలకు పొలంలో దిగే అనుమతి, బావి గానీ శిఖం (చెరువు కింది భూమి) గానీ తేలితే ధర తగ్గింపు లేదా బయానా వాపసు, పరీక్షలకు పట్టిన రోజులు గడువులో కలపడం, ఈ మూడూ అందులో ఉండాలి. బోరు యంత్రాన్ని దింపనివ్వమని అమ్మేవారు భీష్మిస్తే, మిగిలిన కోటిన్నర కట్టకండి.