ఆ ఒక్క మాట కొట్టేయకు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి భోజనం అయ్యాక గబగబా, రెండోసారి తెల్లవారుజామున లేచి పెన్సిల్ పట్టుకుని నెమ్మదిగా. నాస్తిక కేంద్రం పెట్టిన గోరా మీద రాస్తున్నానని నువ్వు ఫోన్ చేసిన రోజే నాకు చాలా సంతోషమేసింది. వాక్యం బాగుంది, విషయం కోసం బాగా తిరిగావని కూడా తెలుస్తోంది, ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు. అయితే నువ్వు అడిగావు కాబట్టి నాకు అడ్డుపడిన చోట్లన్నీ చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మొట్టమొదటి వాక్యంలోనే ఆగిపోయాను. "ప్రముఖ సంఘసంస్కర్త, గాంధేయవాది, స్వాతంత్ర్య సమరయోధుడు గోరా" అని మొదలుపెట్టావు. మూడూ నిజమే. నాస్తికుడు అన్న మాట మాత్రం నాలుగో పేజీ దాకా రాలేదు, అక్కడ కూడా "దేవుడి విషయంలో తనదైన అభిప్రాయాలున్నవారు" అని పక్కకి జరిగిపోయావు. ఎందుకలా రాశావో నాకు తెలుసు. ఆ మాట చూడగానే పాఠకుడు పేజీ తిప్పేస్తాడేమో, ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో, ఎవరో మనోభావాలు దెబ్బతిన్నాయని మీద పడతారేమో అని టెన్షన్. మన వాడుకలో ఆ మాట సగం తిట్టు కిందే చెలామణీ అవుతోంది కదా.

నేనూ ఇదే తప్పు చేశాను. 2002లో గోరా శతజయంతి, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు కూడా వేసింది. అప్పుడు ఒక పత్రిక అడిగితే వ్యాసం రాసిచ్చాను. అచ్చయ్యాక చూస్తే నేను నాస్తికుడు అని రాసిన ప్రతిచోటా 'అభ్యుదయవాది' అని ఉంది. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను గట్టిగా నిలదీయాల్సింది, మళ్ళీ రాయమనరేమోనని ఊరుకున్నాను. ఆ వ్యాసం చదివిన మా ఊరి మాస్టారొకాయన "బాగానే రాశావు గానీ, ఇంతకీ అంత మంచాయనకి ఉద్యోగం ఎందుకు పోయిందో రాయలేదేం?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ కారణం ఉన్న మాటనే కదా తీసేసింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, నీ మొదటి వాక్యం చూడగానే మళ్ళీ గుర్తొచ్చింది.

ఉద్యోగం సంగతే చూడు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1902లో ఇప్పటి ఒడిశాలోని ఛత్రపురంలో పుట్టారు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివి మేష్టారయ్యారు. మదురైలో మిషనరీ కాలేజీలో పనిచేస్తున్నప్పుడు క్రైస్తవం పుచ్చుకుంటే పై చదువుకి అమెరికా పంపిస్తామన్నారు, వద్దన్నారు. జంధ్యం వద్దన్నందుకు కన్నవాళ్ళ ఇల్లు దూరమైంది. 1933లో నాస్తిక భావాల వల్ల కాకినాడ కాలేజీ ఉద్యోగం పోయింది. తర్వాత బందరులో చేస్తున్న ఉద్యోగాన్నీ వదిలేసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరు వెళ్ళి కేంద్రం పెట్టారు. దానికి సేవాశ్రమం అనో గ్రామోద్ధరణ సంఘం అనో పేరు పెట్టి ఉంటే విరాళాలిచ్చేవాళ్ళకీ ఇబ్బంది ఉండేది కాదు, నాలుగు డబ్బులు ఎక్కువే వచ్చేవేమో. నాస్తిక కేంద్రం అని పెట్టారు. 1947లో బెజవాడ పటమటకి మారినప్పుడూ అదే బోర్డు. తను బతికున్నంత కాలం బోర్డు మీద పెట్టుకున్న మాటని ఆయన పోయాక మనం గౌరవం పేరుతో చెరిపేస్తే అది గౌరవం ఎలా అవుతుంది?

హేతువాది అని రాస్తే సరిపోతుందా అని పక్కన రాసుకున్నావు. సరిపోదు. త్రిపురనేని రామస్వామి చౌదరిని హేతువాది అంటాం, ఆయన పురాణాలని పద్యంలో, నాటకంలో నిలదీశారు, సంస్కృత మంత్రాల బదులు తెలుగులో పెళ్ళి తంతు రాసిచ్చారు. గోరా దారి వేరు. దేవుణ్ణి కాదనడం దగ్గర ఆగిపోతే చాలదు, కాదన్నాక మనిషి తన బతుక్కి తనే బాధ్యుడు, అలా బతికి చూపించాలి అనేది ఆయన పట్టుదల. ఈ తేడా తెలియాలంటే ఆ మాట ఉండాల్సిందే.

ఇక గాంధేయవాది అన్న మాట. దాన్ని నువ్వు గొడుగులా వాడుకున్నావు, గాంధీ పేరు పక్కనుంటే ఎవరూ ఏమీ అనరని. కానీ వాళ్ళిద్దరి మధ్య జరిగింది తెలిస్తే నీ వ్యాసానికి అదే గుండెకాయ అవుతుంది. 1930లోనే గోరా ఉత్తరం రాశారు, దేవుడు అన్న మాటకి మీ అర్థమేమిటని. 1941లో కలుస్తానంటే, నాస్తికత్వం అంటే ఆత్మని కాదనడమేనని, దాన్ని ప్రచారం చేసి నెగ్గినవాడు లేడని, మాట్లాడటానికి తనకి తీరిక లేదని గాంధీ జవాబిచ్చారు. ఇంకొకరైతే అక్కడితో ముఖం తిప్పుకుని నాలుగు ఘాటైన వ్యాసాలు రాసేవారు. గోరా ఊళ్ళో పని చేసుకుంటూ పోయారు. 1944 చివర్లో గాంధీ ఆశ్రమం ఉన్న సేవాగ్రామ్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. దేవుడు లేనివాడితో నేనేం మాట్లాడను అని గాంధీ అంటే గోరా నవ్వి, నేను దేవుడు లేనివాణ్ణి కాదు, నాస్తికుణ్ణి అన్నారు. రెంటికీ తేడా ఏమిటని గాంధీ అడిగారు, అక్కణ్ణుంచి అసలు మాటలు మొదలయ్యాయి.

అప్పుడు గోరా కలకత్తా కరువు గురించి చెప్పారు. మిఠాయి కొట్ల ముందే, పళ్ళ బండ్ల పక్కనే ఆకలితో మనుషులు పడి చనిపోయారు. ఒక కుక్కో ఎద్దో అయితే కొట్టినా తరిమినా మళ్ళీ ఆ తిండి మీదికే వచ్చేది, మనుషులు ఎందుకు అలా చచ్చిపోయారు, తలరాత అని నమ్మడం వల్ల కాదా అని అడిగారు. గాంధీ ఆపకుండా విన్నారు. నాకు ఈ వాదన పూర్తిగా ఒప్పదు, ఆ కరువు వెనక యుద్ధం ఉంది, ధరలున్నాయి, ప్రభుత్వం ఉంది, పస్తులతో కాళ్ళు లేవని మనిషికి కొట్టు దోచుకునే ఓపిక ఎక్కడుంటుంది. అయినా చదివిన ప్రతిసారీ ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఆయన దేవుడి ఉనికి గురించి తర్కం చేయట్లేదు, చచ్చిపోతున్న మనిషి పక్కన నిలబడి అడుగుతున్నారు. నీకు ఒప్పకపోతే ఒప్పలేదనే రాయి. ఇదంతా గోరా ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకంగా రాస్తే గాంధీ స్థాపించిన నవజీవన్ ప్రచురణ సంస్థ వాళ్ళే 1951లో వేశారు. నీ వ్యాసంలో ఈ మొత్తానికీ రెండు లైన్లున్నాయి, రెండు పేజీలివ్వు.

నా ఆస్తికత్వం ఒప్పనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, ఇద్దరం సత్యాన్ని వెతుక్కుంటున్నవాళ్ళమే అన్న చోటికి గాంధీ వచ్చారు. గోరా పెద్దమ్మాయి మనోరమకీ దళిత కుటుంబంలో పుట్టిన అర్జునరావుకీ తన ఆశ్రమంలో పెళ్ళి చేస్తానన్నారు, తంతులో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికి ఒప్పుకున్నారు. అంత నమ్మకమున్న మనిషి ఒప్పుకున్నారు, అదీ ఒక నాస్తికుడి కూతురి కోసం. ఆ పెళ్ళి చూడకుండానే ఆయన్ని చంపేశారు. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే పెళ్ళి జరిగింది. ఈ ఒక్క పెళ్ళి గురించి రాయడం చేతనైతే మతం మీద వంద పేజీల విమర్శ అక్కర్లేదు.

మూడో పేజీలో నువ్వు ఉన్నట్టుండి గొంతు పెంచావు. గుడికెళ్ళేవాళ్ళని మూర్ఖులన్నావు, గొర్రెలన్నావు. మొదటి పేజీలో మాట మింగేసి మూడో పేజీలో తిట్టడం, రెండూ భయం నుంచే వచ్చాయని నాకనిపిస్తోంది. నేను నాస్తికుణ్ణి కాదు తమ్ముడూ, ఆ సంగతి నీకు తెలుసు. మా ఇంట్లో దేవుడి గూడుంది, మా అమ్మ ఉన్నన్నాళ్ళూ శనివారం ఒంటిపూట భోజనమే చేసేది. ఆవిణ్ణి గొర్రె అన్నవాడి వ్యాసం నేను రెండో పేరా చదవను. కానీ అదే అమ్మకి గోరా భార్య సరస్వతమ్మ కడుపుతో ఉండి సూర్యగ్రహణం చూశారని, పుట్టిన బిడ్డ లక్షణంగా ఉందని నేను చెప్పినప్పుడు చేస్తున్న పని ఆపేసి విన్నది. "మా అత్తగారు నన్ను గ్రహణమంతా చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టింది" అని మాత్రం అంది, ఇంకేం అనలేదు. నీ వ్యాసం అలాంటి మనిషి చదువుతుందనుకుని రాయి.

గోరా దంపతులు పనిచేసింది ఆ పద్ధతిలోనే. దయ్యాలున్నాయని ఎవరూ దిగని ఇంట్లో కాపురముండి చూపించారు. నిప్పుల మీద నడవడానికి భక్తి అక్కర్లేదని సరస్వతమ్మ నడిచి చూపించారు. పున్నమి రోజుల్లో అన్ని కులాలవాళ్ళనీ పిలిచి సహపంక్తి భోజనాలు పెట్టారు, ఎవరి ఖర్చు వాళ్ళు పెట్టుకుని పక్కపక్కన కూర్చుని తినడమే, ఉపన్యాసం తర్వాత సంగతి. 1930ల నాటి కృష్ణా జిల్లాలో ఆ పంక్తిలో కూర్చోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మీ తాతయ్యని అడిగితే చెప్తారు.

పిల్లల పేర్లు నువ్వసలు రాయలేదు, అదేంటయ్యా! ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టిన కొడుకు లవణం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది పుట్టినవాడు సమరం, పత్రికల్లో ఆరోగ్యం శీర్షికలు చదివిన తెలుగువాళ్ళందరికీ ఆ డాక్టరుగారు తెలుసు. తొమ్మిదో సంతానం పేరు నౌ, హిందీలో తొమ్మిది. పేరు చూసి కులమేదో మతమేదో చెప్పలేవు. ఇంకోరైతే దీని మీద సిద్ధాంత గ్రంథం రాసేవారు, ఈయన బారసాలలోనే తేల్చేశారు.

అలాగని ఆయన ఫోటోకి దండ వేసి దణ్ణం పెట్టేలా రాయకు, మనవాళ్ళకి ఆ జబ్బు ఉంది, ఎవర్నైనా దేవుణ్ణి చేసేస్తాం. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలని ఆయన ఎంతో తిరిగారు, అది జనానికి ఎక్కలేదు, ఎందుకు ఎక్కలేదో ఆలోచించి రాయి. 1972లో ఆగస్టు 15న బెజవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి తినే కార్యక్రమం పెట్టారు. హిందువు, ముస్లిం ఇద్దరి కట్టుబాటూ ఒకేచోట తెగాలని ఆయన ఉద్దేశం. నాకైతే అది పున్నమి భోజనాలంత లోతుగా పనిచేయలేదనిపిస్తుంది, ఆ భోజనాలు మనుషుల్ని దగ్గరికి పిలిచాయి, ఇది కొందర్ని గడప బయటే ఆపేసింది. నీ అభిప్రాయం వేరైతే వేరుగా రాయి, కానీ దాటేయకు. అదే ఏడాది డిసెంబరులో మొదటి ప్రపంచ నాస్తిక మహాసభ కూడా విజయవాడలోనే జరిగింది, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

ఆయన 1975 జులై 26న పోయారు. నువ్వు అక్కడితో వ్యాసం ముగించావు. సరస్వతమ్మ పదేళ్ళ వయసులో పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన మనిషి, ఆయన పోయాక ముప్పై ఏళ్ళకి పైగా, 2006 దాకా, ఆ కేంద్రాన్ని నిలబెట్టారు. నీ వ్యాసంలో ఆవిడ పేరు ఒక్కసారే వచ్చింది, "భార్య సహకారంతో" అని. లవణం పెళ్ళాడింది కవి జాషువా కూతురు హేమలతని. ఆ ఇద్దరూ పోలీసు రికార్డుల్లో దొంగల ఊరని పేరుపడ్డ స్టువర్టుపురంలో ఏళ్ళ తరబడి పనిచేశారు, నిజామాబాదు జిల్లాలో దేవుడి పేరుతో ఆడపిల్లల్ని జోగినుల్ని చేసే ఆచారం మాన్పించడానికి ఊరూరూ తిరిగారు. జోగిని దురాచారం గురించి రాసేటప్పుడు ఇది మత విమర్శా, సంఘసేవా అని నువ్వు వేరుచేయగలిగితే నాకూ చెప్పు, నావల్ల కాలేదు.

ముదునూరు, పటమట రెండూ వెళ్ళి చూసిరా. పటమటలో ఆటో ఎక్కి నాస్తిక కేంద్రం అని చెప్పు, డ్రైవర్ ఆ మాట ఎంత మామూలుగా తీసుకుంటాడో చూసి అదీ రాయి. మొదటి వాక్యం మార్చి శుక్రవారం లోపు పంపితే చదివేస్తాను. శనివారం నాకు కంటి ఆపరేషను, ఆ తర్వాత రెండు వారాలు చదవొద్దన్నారు.

మీ అన్నయ్య