ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరమే కదా, మరి అక్కడ ‘టౌన్ హాల్’ ఎందుకుంది?

ఆ భవనం కట్టేనాటికి లీడ్స్ ఇంకా నగరం కాదు, పట్టణమే. కథ్‌బర్ట్ బ్రాడ్రిక్ రూపకల్పన చేసిన టౌన్ హాల్‌ను విక్టోరియా రాణి 1858లో ప్రారంభించారు. లీడ్స్‌కు నగర హోదా వచ్చింది 1893లో. అప్పటికి పాత పేరు జనం నోట స్థిరపడిపోయింది, ఎవరూ మార్చలేదు.

ఇంగ్లండ్‌లో ‘నగరం’ అన్నది జనాభాను బట్టి దానంతట అదే వచ్చే పేరు కాదు, రాజు లేదా రాణి పేరిట ఇచ్చే గౌరవం. ఊరు ఎంత పెరిగినా ఆ హోదా ఇచ్చేవరకు పట్టణమే. పైగా టౌన్ హాల్ అన్నది పురపాలక భవనానికి వాడుక పేరు కూడా. మాంచెస్టర్ 1853లోనే నగరమైంది, అయినా 1877లో ప్రారంభమైన దాని భవనాన్ని టౌన్ హాల్ అనే అన్నారు.

లీడ్స్ నగరపాలక మండలి కొలువు ఇప్పుడు టౌన్ హాల్‌లో లేదు. 1933లో ప్రారంభమైన సివిక్ హాల్‌లో ఉంది. దాని శిఖరాల మీద బంగారు గుడ్లగూబలుంటాయి. మన దగ్గరైతే అపశకునం అనేవారేమో, అక్కడ అవి నగర చిహ్నంలోనివి.

కెథడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చి, ఉంటేనే నగరమని చాలామంది అనుకుంటారు. ఎనిమిదో హెన్రీ కాలంలో కొత్త బిషప్ పీఠాలు ఏర్పడ్డ ఊళ్లకు నగర హోదా దక్కడంతో పుట్టిన నమ్మకమిది. బర్మింగ్‌హామ్ 1889లో నగరమైంది, అక్కడి సెయింట్ ఫిలిప్స్ చర్చి కెథడ్రల్ అయింది 1905లో. రోచెస్టర్‌లో పురాతన కెథడ్రల్ ఉన్నా, 1998లో పాలనా మార్పుల వల్ల నగర హోదా పోయింది.