తవ్వకుండా పలక కింది నీటి జాడ ఎలా తెలుస్తుంది?
అండమాన్ దగ్గర భారత పలక (భూమి పైపొరలోని భారీ శిలాఫలకం) మరో పలక కిందికి దిగుతోంది కదా, అక్కడేముందో ఎలా చూస్తారని ఒడిశాలోని రాయగడ తెలుగు మిత్రుడొకరు అడిగారు.

పలక ఆకారాన్ని భూకంప తరంగాలే బాగా చెబుతాయి. నీటి సంగతి మాత్రం విద్యుదయస్కాంత సర్వేను అడగాలి. మెరుపులు, సౌరగాలి వల్ల భూ అయస్కాంత క్షేత్రం నిత్యం చలిస్తూ నేలలో సన్నని విద్యుత్తును పుట్టిస్తుంది. పాతిపెట్టిన ఎలక్ట్రోడులు, అయస్కాంత సెన్సర్లు ఆ రెండింటినీ నమోదు చేస్తాయి. చలనం ఎంత నెమ్మదైతే అంత లోతు కబురు అందుతుంది. ఎండు శిల విద్యుత్తును అడ్డుకుంటుంది. దిగే పలక వదిలిన ఉప్పునీరు, కరిగిన శిల పోనిస్తాయి. సముద్రంలోనైతే పరికరాలను అడుగుకు దించాలి.

చిక్కేమిటంటే, మీ రాయగడలో ఖొండలైట్ అనే రూపాంతర శిల కొండల్లో దొరికే గ్రాఫైటూ విద్యుత్తును భేషుగ్గా పోనిస్తుంది. అలాంటి చోట నీరో గ్రాఫైటో తేల్చడానికి భూకంప తరంగాల వేగాన్నీ జతచేసి చూడాల్సిందే. విద్యుత్ రైలు మార్గం పక్కన కొలిచారా, ఆ శ్రమంతా దండగ!